వార్షిక నివేదిక 2024–25: వరదలో పోయినవి, మిగుల్చుకున్నవి

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైన్లు, వీధి దీపాలు, వాచ్‌మన్ జీతం లాంటి వాటి జమాఖర్చులు విడిగా పంపాం. ఆడిట్ పూర్తయింది. 2024లో వినాయక చవితి సెప్టెంబరు 7న వచ్చింది. అప్పటికి మన వీధుల్లో బురద ఎత్తుతూనే ఉన్నాం కాబట్టి పందిరి వేయలేదు. వచ్చిన చందాలు భోజనాలకీ మంచినీళ్లకీ వాడాం.

మిగతా నివేదికంతా ఇళ్లలోని ఫొటోలు, వీడియోలు, కాగితాలు కాపాడుకునే పని గురించే. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు వచ్చినప్పుడు మన కాలనీలో కింది అంతస్తులు మునిగాయి. ఫ్రిజ్‌లు, బళ్లు, మంచాల లెక్క నష్టం నమోదుకి వచ్చినవాళ్లు రాసుకున్నారు. ఆల్బమ్‌లూ, పాత కంప్యూటర్‌లోని ఫొటోలూ ఏ లెక్కలోకీ రాలేదు. తర్వాత ఇంటింటికీ తిరిగినప్పుడు ఆడవాళ్లు ఎక్కువగా కన్నీళ్లు పెట్టుకున్నది వాటి గురించే. అందుకే కార్యవర్గం దీన్ని సంఘం పనిగా తీసుకుంది.

మొదటి వారంలో తడిసినవి బాగుచేసుకున్నాం. ఒక ఇంట్లో అత్తగారి పెళ్లి ఆల్బమ్ పేజీలన్నీ అతుక్కుపోయి అట్టముక్కలా అయింది. కోడలు దాన్ని ఎండలో పెట్టబోతుంటే, ఒకప్పుడు స్టూడియోలో పనిచేసిన మన సభ్యుడు ఆపారు. అతుక్కున్న ఫొటోలు ఆరిపోతే ఇక విడిరావు, తడి మీద ఉండగానే తీయాలి. టబ్బులో శుభ్రమైన చన్నీళ్లు పోసి, ఆల్బమ్ ముంచి, ఒక్కో ఫొటో అంచు పట్టుకుని నిదానంగా వేరుచేశారు. బొమ్మ మీద వేలు పడితే రంగు పొర జారిపోతుంది. బురద వదిలాక పాత నూలు చీర మీద, నీడలో, బొమ్మ పైకి ఉండేలా పరిచారు. స్టూడియోలో కడిగించిన ఫొటోలు చాలావరకు దక్కాయి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసినవి రంగు కారిపోయాయి. వెంటనే చేయలేకపోయిన ఆల్బమ్‌లను కవర్లలో చుట్టి, కరెంటు వచ్చాక మేడ మీదివాళ్ల ఫ్రీజర్లలో పెట్టాం. గడ్డకట్టి ఉంటే బూజు పట్టదు, తర్వాత తీరిగ్గా తీసుకోవచ్చు.

హార్డ్‌డిస్కుల విషయం అంత బాగా జరగలేదు. బియ్యంలో పెట్టి, ఆరిందనుకుని కంప్యూటర్‌కి తగిలించినవాళ్ల డిస్కులు పూర్తిగా పోయాయి. లోపల చేరిన మట్టి రేణువు, డేటా ఉండే పలక తిరగగానే దాని మీద గీత పెట్టేస్తుంది. తడిసిన డిస్కుకి కరెంటు ఇవ్వకుండా నేరుగా డేటా రికవరీ వాళ్లకి ఇవ్వాలి. దానికి ఖర్చు ఎక్కువ, డేటా వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు.

మన సభ్యుల్లో ఒకాయన చాలా జాగ్రత్తపరుడు. పిల్లల ఫొటోలన్నీ రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి వెనక వీధిలో తమ్ముడి ఇంట్లో ఉంచారు. రెండు ఇళ్లూ మునిగాయి. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మనకి ఆ రోజు బాగా అర్థమైంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి దూరంగా. దూరంగా అంటే బుడమేరు నీళ్లు చేరని చోటు. గుంటూరులో వియ్యంకుల ఇల్లైనా, హైదరాబాద్‌లో కూతురి ఇల్లైనా సరే.

చలికాలమంతా ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో స్కానింగ్ శిబిరం నడిపాం. పోస్టుకార్డు సైజు ఫొటోలు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేశాం. పెళ్లి క్యాసెట్లు తెచ్చినవాళ్లూ ఉన్నారు. వీసీఆర్‌లు తయారుచేసే చివరి కంపెనీ అయిన జపాన్ ఫునై 2016లో ఆపేసింది. ఇప్పుడు పనిచేసే వీసీఆర్ దొరకడమే కష్టం, మేడ మీద ఉన్న ఒక సభ్యుడి వీసీఆర్ మనల్ని ఆదుకుంది. మన ఊరి తేమకి టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. అలాంటి క్యాసెట్ వేయకండి, టేపూ పాడవుతుంది, వీసీఆర్ హెడ్డూ పాడవుతుంది.

శిబిరంలో అన్నిటికన్నా విలువైనది పేర్లు రాసుకోవడమని నా అభిప్రాయం. స్కాన్ చేయడానికి కుర్రాళ్లు చాలు, ఫొటోలో ఎవరెవరో చెప్పడానికి పెద్దవాళ్లే కావాలి. ఒక మనవరాలు గ్రూప్ ఫొటో చూపించి, "నాయనమ్మా, ఈ కళ్లజోడాయన ఎవరు?" అంది. "మీ తాతయ్య బాబాయే. ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీలో చేసేవాడు. నా పెళ్లికి బస్తా పంచదార ఆయనే పంపాడు," అన్నారావిడ. ఆ సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అప్పటినుంచి పెద్దవాళ్లు చెబుతుంటే పక్కన ఫోన్‌లో రికార్డ్ చేసి, ఆ ఆడియోని అదే ఫోల్డర్‌లో పెట్టడం మొదలుపెట్టాం. ఫైలు పేరులో సంవత్సరం, ఊరు, సందర్భం రాయించాం. స్కానర్ ఇచ్చిన నంబరుతోనే వదిలేస్తే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫొటో ఎవరిదో ఎవరికీ తెలియదు.

"అన్నీ గూగుల్‌లో ఉన్నాయి కదండీ" అన్నవాళ్లకి ఒక మాట. గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎన్నైనా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది. ఇప్పుడున్న ఉచిత 15 జీబీలోనే మెయిలూ, డ్రైవూ, ఫొటోలూ సర్దుకోవాలి, నిండితే మెయిల్ కూడా రాదు. రెండేళ్లు అసలు తెరవని ఖాతాలను తొలగించే నియమం కూడా 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఒకప్పటి సోషల్ మీడియా సైటు ఆర్కుట్ 2014లో మూతపడిన సంగతి మన పిల్లలకి గుర్తుండే ఉంటుంది. క్లౌడ్, అంటే ఇలా ఇంటర్నెట్‌లో దాచుకోవడం, ఉండాలి, కానీ దాన్ని ఒక కాపీగానే లెక్కపెట్టండి. ఫోన్‌లో చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గి, తీసిన తేదీ కూడా పోయి వస్తుంది. అమెరికా నుంచి మనవళ్ల ఫొటోలు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమనండి.

భర్త పోయిన ఒకావిడ సమస్య కార్యవర్గాన్ని బాగా కదిలించింది. ఫొటోలన్నీ ఆయన ఖాతాలో ఉన్నాయి. రీఛార్జ్ చేయక ఆయన సిమ్ ఆగిపోయింది. ఓటీపీ వచ్చే దారి లేదు. ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాం. దయచేసి ఇంట్లో పెద్దవాళ్ల నంబరును వాళ్లు పోయాక కూడా కొంతకాలం రీఛార్జ్ చేస్తూ ఉండండి. గూగుల్‌లో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్', ఐఫోన్‌లో 'లెగసీ కాంటాక్ట్' అనే సెట్టింగులు ఉన్నాయి. మన తర్వాత ఫైళ్లు ఎవరికి అందాలో అక్కడ ముందే చెప్పుకోవచ్చు. టెన్షన్ పడాల్సిన పనేం కాదు, పది నిమిషాల్లో అయిపోతుంది.

ఒక మాస్టారి కుటుంబం ఆయన వ్యాసాల సీడీ తెచ్చింది. పాత డీటీపీ ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ చేసిన ఫైళ్లవి. తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. అచ్చయిన పుస్తకం ఒకటి మిగలబట్టి దాన్ని స్కాన్ చేశాం. మీ ఇళ్లలో అలాంటి ఫైళ్లుంటే, ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్ ఇంకా పనిచేస్తుండగానే పీడీఎఫ్‌గా మార్చి, మ్యాటర్‌ని ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి తెచ్చుకోండి.

ఇంటి ఆడవాళ్ల ఫొటోలు పరాయివాళ్ల చేతికి ఇవ్వడం ఇష్టం లేక కొన్ని కుటుంబాలు శిబిరానికి రాలేదు. వారి అభ్యంతరం న్యాయమైనదే. సంఘం ఏ ఇంటి కాపీనీ తన దగ్గర ఉంచుకోదు. స్కాన్ అయినవన్నీ అక్కడికక్కడే వాళ్ల డిస్కులోకి ఎక్కించి, మా కంప్యూటర్‌లోంచి చెరిపేశాం. ఈసారి మహిళా సభ్యులే నడిపే ప్రత్యేక శిబిరం పెడదామని ప్రతిపాదన.

సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు, ప్రతి ఇంట్లో డిస్కు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలని కార్యవర్గం కోరుతోంది. డిస్కు అయిదేళ్లు దాటితే కొత్తదానిలోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌ని మోసుకెళ్లడానికే వాడండి, దాచడానికి వద్దు.

ఇప్పటిదాకా వాడిన స్కానర్ ఒక సభ్యుడు అరువుగా ఇచ్చింది. సంఘానికి సొంత స్కానర్ కొనడానికీ, వీసీఆర్ రిపేరుకీ సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాం. కొటేషన్లు ఆఫీసు గదిలో ఉన్నాయి, ముందే చూసి రండి.

— కార్యదర్శి