ఫ్రిజ్ మీద కాగితం

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మలూ,

ఫోన్లో చెబితే "సరే నాన్నా, మీటింగుంది" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. దసరాకి వచ్చినప్పుడు ఇంద్రకీలాద్రి మెట్లు ఎలాగో ఎక్కేశావు గానీ, దిగేటప్పుడు మోకాలి నొప్పితో పక్కనున్న గొట్టం పట్టుకుని, మెట్టు మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి దిగావు. చూడలేక మర్నాడే మర్దనా చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు రోజులు హాయిగా ఉందన్నావు. హైదరాబాదు బస్సులో ఐదారు గంటలు కాలు మడిచి కూర్చునేసరికి మళ్ళీ మొదలు. ఇప్పుడు అక్కడా అదే వరస. ఫిజియో దగ్గర మోకాలి చిప్ప కదిలించుకుని రావడం, ఆవిడ రాసిచ్చిన ఎక్సర్‌సైజుల కాగితం ఫ్రిజ్ మీద అంటించి మర్చిపోవడం. మీ రూమ్మేటు చెప్పిందిలే, ఆ పిల్లనేమీ అనకు.

మీ అమ్మ మోకాలి కోసం మన వీధి చివర ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం కదా, నీ సంగతీ అడిగాను. అమ్మది అరుగుదల, నీది వేరంది. ఎక్స్‌రే బాగుంది, వాపు లేదు, ఎక్కడా పడలేదు. నొప్పి చిప్ప చుట్టూ, చిప్ప వెనక. మెట్ల మీద, గొంతుక్కూర్చున్నప్పుడు, ఎక్కువసేపు కాలు మడిచి ఉంచినప్పుడు. సినిమా హాల్లో ఇంటర్వెల్ దాకా కూర్చోలేకపోవడం కూడా దీని గుర్తేనట, ఇంగ్లీషులో సినిమా ప్రేక్షకుల పేరే పెట్టారట దానికి. బెజవాడ పిల్లకి రావలసిన నొప్పే! పది కిలోమీటర్ల పరుగు కోసమని ఒక్కసారిగా దూరం పెంచేశావు చూడు, అదీ ఒక కారణం కావచ్చంది. "ఈ వయసుకే మోకాళ్ళు అరిగితే సంబంధాలెలా" అన్న మీ అత్త మాట గాలికొదిలెయ్.

తాతయ్య వాళ్ళింట్లో బావి గిలక గుర్తుందా? చిప్ప ఆ గిలక లాంటిది. తొడ ముందు కండరం తాడు. చేదే మనిషికి జబ్బల్లో సత్తువ లేకపోయినా, పక్కకు ఒరిగి లాగినా తాడు అంచుకు రాసుకుంటుంది. అప్పుడు గిలకకి నూనె రాసి ఏం లాభం? ఆ ఒరిగిన మనిషి మన తుంటి కండరాలన్నమాట. ఈ పోలిక చెబితే ఆ అమ్మాయి నవ్వి, "కొంతవరకు సరే అంకుల్" అంది.

చేత్తో చేసే వైద్యం దండగని కాదు. నొప్పి కాస్త తగ్గుతుంది, ఆ వీలులో వ్యాయామం చేసుకోవాలి. అమెరికా ఫిజియోథెరపిస్టుల సంఘం 2019లో ఇచ్చిన సూచనల్లో, చేత్తో చేసే చికిత్స ఒక్కదాన్నే నమ్ముకోవద్దనీ, తుంటికీ మోకాలికీ కలిపి వ్యాయామం చేయించాలనీ ఉందట. చిప్ప మీద టేపు వేసినా అది మొదటి నాలుగు వారాల ఊరటకే, అదీ వ్యాయామంతో పాటే. పది సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కడతానన్నావే, ఆగు.

నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు తుంటివే ముందు మొదలుపెట్టమంది. పక్కకు పడుకుని పై కాలు మోకాలు మడవకుండా లేపడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం, కాళ్ళకి రబ్బరు బ్యాండు కట్టుకుని పక్కకు అడుగులేయడం. అవి కుదిరాక గోడకి ఆనుకుని కొద్దిగా కిందికి జారి నిలబడటం, చిన్న పీట ఎక్కి మెల్లగా దిగడం. దిగేటప్పుడే తొందరపడతావు నువ్వు, చిన్నప్పట్నుంచీ అంతే. వారానికి మూడు రోజులు చాలు. కొంచెం నొప్పి ఉంటే భయపడక్కర్లేదు గానీ, మర్నాటికీ తగ్గకపోతే లెక్క తగ్గించు. వారంలో తేడా కనబడలేదని మానేయకు, ఆరు వారాలు, పన్నెండు వారాలు పట్టే పని ఇది. పరుగు పూర్తిగా మానక్కర్లేదట, దూరం తగ్గించి మళ్ళీ కొద్దికొద్దిగా పెంచుకో. మోకాలు వాచినా, మడత దగ్గర పట్టేసినా, నడుస్తుంటే జారిపోయినా మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

అమ్మ గోంగూర పచ్చడి కొరియర్లో పంపుతోంది. సీసా పగలకుండా చుట్టింది రబ్బరు గుడ్డ అనుకుని పారేసేవు, అది నీ బ్యాండే.

మీ నాన్న