కామిక్స్‌ని తూకానికి అమ్మేయకండి

సంపాదకులకు నమస్కారం.

గ్రంథాలయాల్లో పాత పుస్తకాల ఏరివేత పేరుతో జరుగుతున్న వ్యవహారం గురించి ఈ ఉత్తరం. మా శాఖా గ్రంథాలయంలో (ఊరి పేరెందుకులెండి, అక్కడివాళ్లు మంచివాళ్లే, పైనుంచి వచ్చిన మాట విన్నారంతే) పిల్లల బీరువా ఖాళీ చేసి, అందులోవన్నీ పురికొసతో కట్టి పాత పేపర్లవాడికి ఇచ్చేశారు. వాటిలో ఫాంటమ్, మాండ్రేక్ లాంటి వీరుల బొమ్మల కథలు వేసిన ఇంద్రజాల్ కామిక్స్ కూడా ఉన్నాయి. రిజిస్టర్లో వాటికి పేర్లు, నంబర్లు ఏమీ లేవు, అన్నిటికీ కలిపి "బొమ్మల పుస్తకాలు" అని ఒకే ఒక్క లైను. ఇదేంటండీ అంటే "అవి ఇప్పుడెవరు చదువుతారు సార్, పిల్లలందరికీ ఫోన్లున్నాయిగా" అన్నారు.

పిల్లలు చదవరు, ఒప్పుకుంటాను. కానీ పిల్లలు చదవనివన్నీ చిత్తు కాగితాలు అయిపోవుగా. అసలు అమ్మేసింది ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫాంటమ్ అనే ముసుగు వీరుడి కథ అమెరికా దినపత్రికల్లో 1936 ఫిబ్రవరి 17న మొదలైంది. రాసినాయన లీ ఫాక్, అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు, అంతకు రెండేళ్ల ముందే మాండ్రేక్ అనే ఇంద్రజాలికుణ్ణి పుట్టించేశాడు. బొమ్మలు మొదట రే మూర్ వేశాడు, తర్వాత విల్సన్ మెక్‌కాయ్, 1961 నుంచి 1994 దాకా సై బ్యారీ. మన తరానికి ఫాంటమ్ అంటే గుర్తొచ్చే ఆ కండలు, ఆ గుర్రం, ఆ తోడేలు అన్నీ సై బ్యారీ చేతివే. లీ ఫాక్ మాత్రం 1999లో చనిపోయేదాకా కథ వదల్లేదు. అరవై ఏళ్లకు పైగా ఒకే మనిషి ఒకే వీరుడి కథ రోజూ రాస్తూ పోవడం, ఆలోచిస్తే మతిపోతుంది.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1536లో సముద్రపు దొంగలు ఒక ఓడ మీద పడి అందరినీ చంపేస్తే ఒక్క కుర్రాడు మాత్రం బతికి ఒడ్డుకు కొట్టుకొస్తాడు, బందార్ అనే పొట్టి అడవి మనుషులు అతన్ని కాపాడతారు. తన తండ్రిని చంపినవాడి పుర్రె మీద చెయ్యిపెట్టి, దొంగల మీదా అన్యాయం మీదా నేనూ నా తర్వాత నా వంశమూ పోరాడుతూనే ఉంటామని ఆ కుర్రాడు ఒట్టు పెట్టుకుంటాడు. తండ్రి పోతే కొడుకు అదే ముసుగు వేసుకుంటాడు కాబట్టి లోకం మాత్రం ఒక్కడే మనిషి నాలుగొందల ఏళ్లుగా చావకుండా తిరుగుతున్నాడని నమ్ముతుంది. మనం చదివిందల్లా ఇరవై ఒకటో ఫాంటమ్ కథ. ఎంత చక్కటి ఎత్తో చూడండి, మహిమలు లేవు, ఎగరడాలు లేవు, ఒక అబద్ధాన్ని తరతరాలుగా జాగ్రత్తగా కాపాడుకోవడమే అతని బలం.

మన దేశంలో 1940లలోనే ఇలస్ట్రేటెడ్ వీక్లీ అనే ఇంగ్లీషు వారపత్రికలో ఈ బొమ్మలు వచ్చేవి. ఆ వీక్లీ వేసిన బెన్నెట్ కోల్‌మన్ కంపెనీయే 1964 మార్చిలో బొంబాయి నుంచి ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టింది. వెల 60 పైసలు. మొదటి 32 సంచికలూ ఫాంటమ్‌వే, ఆ తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, రిప్ కిర్బీ వగైరాలు వంతులవారీగా వచ్చారు. నెలకొకటిగా మొదలై, పక్షానికొకటై, చివరికి వారానికొకటి అయింది. 1990లో మూతపడేనాటికి సంచికల సంఖ్య 800 దాటింది. 1976లో ఆబిద్ సుర్తీ సృష్టించిన బహదూర్ వచ్చాక కథ ఆఫ్రికా అడవి వదిలి చంబల్ లోయకు దిగింది, కాషాయరంగు కుర్తా కింద జీన్స్ ప్యాంటు వేసుకున్న హీరో వచ్చాడు. బందిపోటు కొడుకు బందిపోట్ల మీదికే పోవడం అప్పటి మన సినిమాలకి బాగా దగ్గరి కథ, అందుకే అతుక్కుపోయింది కూడా.

ఇంతవరకూ ఎక్కడైనా దొరికే సంగతులే. అసలు సంగతి లోపలి పేజీల్లో ఉంది.

అమెరికా పేపర్లలో వచ్చిన ఫాంటమూ బొంబాయిలో అచ్చయిన ఫాంటమూ ఒకటి కాదు. ఇంగ్లీషు అసలులో ఆ సముద్రపు దొంగల ముఠా పేరు సింగ్ బ్రదర్‌హుడ్. మన దేశంలో ఆ పేరుతో పుస్తకం అమ్మితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, అందుకని ఇంద్రజాల్‌లో వాళ్లు "సింగా" దొంగలయ్యారు. ఫాంటమ్ ఉండే దేశం పేరు అసలులో బంగల్లా, అది చూస్తే బెంగాల్ గుర్తొస్తుంది, మొదట్లో ఆ అడవి ఆసియా వైపే ఉండేది, ఆఫ్రికాకి మారింది తర్వాత. ఇంద్రజాల్ వాళ్లు దాన్ని "డెంకాలీ" చేసేశారు. ఇరవయ్యో ఫాంటమ్‌ని వెనకనుంచి పొడిచి చంపినవాడి పేరు అసలులో రామా. ఇక్కడికొచ్చేసరికి అక్షరం తగిలించి "రామాలు" అన్నారు, ఆ పేరుతో ఒక హంతకుణ్ణి మన పిల్లల చేతుల్లో పెట్టడానికి సంపాదకులకి ధైర్యం చాలలేదని నా అనుమానం. దీనికి తోడు దినపత్రికలో అడ్డంగా వచ్చిన గళ్లని నిలువు పేజీకి సరిపెట్టడానికి కొన్ని కత్తిరించారు, కొన్ని ఎత్తేశారు. పైన అట్ట బొమ్మలు మన గోవింద్ బ్రహ్మానియా లాంటి చిత్రకారులు కొత్తగా వేసినవి.

అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై ఏళ్లకి ఒక భారతీయ సంపాదకుడు ఒక విదేశీ కథని చూసి ఏది ఉంచాడు, దేనికి భయపడ్డాడు, ఎక్కడ సర్దుకున్నాడు అన్నదానికి సాక్ష్యం ఆ 60 పైసల పుస్తకమే. అమెరికాలో వేసే ఖరీదైన రీప్రింట్లలో ఇదేదీ ఉండదు, వాళ్లు వేసేది వాళ్ల పత్రికల్లో వచ్చిన రూపం. బొంబాయి రూపం బొంబాయి కాగితం మీదే ఉంది, ఆ కాగితమేమో ముట్టుకుంటే పెళుసుగా విరిగిపోయే దశకొచ్చింది, మధ్యలో పిన్నులు తుప్పుపట్టి నడిమి పేజీ ఊడి చేతికొస్తుంది.

ఒక అభ్యంతరం నాకూ తెలుసు. తెల్లవాడొకడు ఆఫ్రికా అడవిలో కూర్చుని నల్లవాళ్లందరికీ దొరగా తీర్పులు చెప్పే కథని ప్రజల డబ్బుతో దాచాలా అని. న్యాయమైన ప్రశ్నే. ఆ పాత బొమ్మలు కొన్ని ఇవాళ చూస్తే ఇబ్బందిగా ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ అదే కథలో 1960ల నాటికి లమాండా లువాగా అనే ఆఫ్రికన్ డాక్టరు ఎన్నికల్లో గెలిచి ఆ దేశానికి అధ్యక్షుడవుతాడు. బయట ఒక్కో ఆఫ్రికా దేశం స్వతంత్రమవుతున్న రోజులవి. లోకం మారుతుంటే కామిక్ ఎలా మారిందో, ఎక్కడ మారకుండా మొండికేసిందో చూపించాలంటే పుస్తకం చేతిలో ఉండాలి కదా. విమర్శించడానికైనా కాపీ కావాలి.

ఆస్తి పన్నుతో పాటు మనమందరం రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బు వసూలు చేసిన స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకి సరిగ్గా చేరడం లేదన్న గొడవ పాతదే, అది మరో ఉత్తరానికి సరిపడా ఉంది, ఇప్పుడు దాని జోలికి పోను. కానీ దాచడానికి పెద్ద డబ్బేమీ అక్కర్లేదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, పాత పేపర్లు, పాత పత్రికలు పారెయ్యకుండా దాచిపెట్టింది, ఇవాళ ఎక్కడెక్కడి పరిశోధకులో వాటికోసం ఆ చిన్న ఊరు వెతుక్కుంటూ వస్తారు. ఆ రోజుల్లో ఎవరైనా "నిన్నటి పేపరు ఎవరు చదువుతారు" అని ఉంటే?

పక్క రాష్ట్రం చూడండి. శివకాశిలో 1972లో మొదలైన ముత్తు కామిక్స్, 1984లో వచ్చిన లయన్ కామిక్స్ ఇప్పటికీ నడుస్తున్నాయి, నలభై యాభై ఏళ్ల వయసువాళ్లు సిగ్గుపడకుండా కొనుక్కుంటారు. ఆస్ట్రేలియాలో 1948 నుంచి, స్వీడన్‌లో 1950 నుంచి ఫాంటమ్ పుస్తకం వస్తూనే ఉంది. (స్వీడన్‌లో ఫాంటమ్ దుస్తులు నీలం, ఇటలీలో ఎరుపు, అమెరికాలో ఊదా. లీ ఫాక్ మనసులో అనుకున్నది బూడిద రంగట.) మనం చందమామనే నిలబెట్టుకోలేకపోయాం, ఇక ఇంద్రజాల్ గురించి ఎవరిని అడుగుతాం అనిపిస్తుంది. అడగాలి మరి.

నేను కోరేది పెద్దదేం కాదు. కామిక్స్‌ని ఏరివేత జాబితాలో పెట్టేముందు నెల రోజులు నోటీసు బోర్డు మీద పేర్లు రాయండి, కావలసినవాళ్లు ముందుకొస్తారు. జిల్లాల్లో మిగిలినవన్నీ ఒక చోటికి చేర్చి, అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయంలో ఒకటి, ఆంధ్రలో ఏదో ఒక జిల్లా కేంద్రంలో ఒకటి, రెండు పూర్తి సెట్లు తయారయ్యేలా చూడండి. ఇంటికివ్వక్కర్లేదు, అక్కడే కూర్చుని చూసుకుంటాం. ఆన్‌లైన్‌లో పెట్టమని కూడా అనడం లేదు, ఫాంటమ్ హక్కులు అమెరికాలో కింగ్ ఫీచర్స్ అనే కంపెనీవి, ఆ తలనొప్పి గ్రంథాలయానికి వద్దు. కాగితాన్ని చెదలు, చెమ్మ నుంచి కాపాడితే చాలు. కాటలాగులో ఒక్కో సంచికకి నంబరు, నెల, ఏ కథో రాయించండి, రిటైరైన పాఠకులం చాలామందిమి ఉన్నాం, జీతం లేకుండా వచ్చి ఆ పని చేసిపెడతాం.

నా దగ్గర మిగిలిన సంచికలు కూడా ఇచ్చేస్తాను, డబ్బు అక్కర్లేదు. ఏ జిల్లా గ్రంథాలయ సంస్థ అయినా తీసుకుని దాస్తామని రాతపూర్వకంగా చెబితే, మీ పత్రిక ద్వారా తెలియజేయండి, నేనే తెచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక గ్రంథాలయ సభ్యుడు
గుంటూరు జిల్లా