ఒక్కసారి వచ్చిన స్కోరుతో నిర్ణయం వద్దు

సంపాదకులు గారికి,

నిగ్రహాన్ని, ఒక పని నుంచి మరో పనికి మనసు మళ్లించే నేర్పును కొలిచే ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ పరీక్షలపై పత్రికల్లో వస్తున్న వ్యాసాలు, అదే మనిషికి అదే పరీక్ష కొన్ని వారాల తర్వాత మళ్లీ పెడితే దాదాపు అదే స్కోరు వస్తుందా అన్న సంగతి ఎత్తడమే లేదు.

1935 నాటి స్ట్రూప్ పరీక్షలో ‘ఎరుపు’ అన్న మాటను నీలి అక్షరాల్లో చూపి, మాట చదవకుండా రంగు పేరు చెప్పమంటారు. దాదాపు అందరూ ఒక క్షణం తడబడతారు. అయితే అందరిలోనూ ఒకేలా కనిపించే తడబాటు మనుషుల మధ్య తేడాలను పట్టి ఇవ్వలేదని పరిశోధకులు హెడ్జ్, పావెల్, సమ్నర్ 2018లో వివరంగా చూపారు. పైగా ఇక్కడ స్కోరు అంటే రెండు సమయాల తీసివేత: మాటకూ రంగుకూ పొసగనప్పుడు పట్టిన సమయంలోంచి, ఆ చిక్కు లేనప్పుడు పట్టిన సమయాన్ని తీసేస్తారు. ఒక్కో కొలత విశ్వసనీయత (మళ్లీ కొలిచినా అదే ఫలితం వచ్చే తీరు, గరిష్ఠం 1) 0.9 ఉన్నా, రెండింటి మధ్య సహసంబంధం (ఒకటి ఎక్కువున్న వారిలో రెండోదీ ఎక్కువుండే తీరు) 0.8 ఉండి, రెండింటి స్కోర్ల వ్యాప్తి సమానమైతే, తీసివేత విశ్వసనీయత 0.5కు పడిపోతుంది, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వేగం తీసివేతలో పోయి, దోషాలు మాత్రం రెండు వైపుల నుంచీ వచ్చి చేరతాయి.

కార్డులను ఏ నియమంతో జత చేయాలో చెప్పకుండా, చేసింది తప్పో ఒప్పో మాత్రమే చెప్పి ఆ నియమాన్ని కనిపెట్టమనే విస్కాన్సిన్ కార్డుల పరీక్షది వేరే చిక్కు. చెప్పకుండా నియమం మారుస్తారని ఒకసారి తెలిసినవారికి రెండోసారి అది కొత్త సమస్యే కాదు. అప్పుడు పెరిగిన స్కోరును మెరుగుదల అనలేం.

సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 15 ఉన్న పరీక్ష విశ్వసనీయత 0.7 అయితే, రెండుసార్ల స్కోర్ల మధ్య సుమారు 23 పాయింట్ల దాకా తేడా కేవలం కొలత దోషం వల్లే రావచ్చు, 0.9 అయినా 13 దాకా రావచ్చు. ఎనిమిది పాయింట్లు పెరిగాయని శిక్షణ ఫలించిందనడం, అన్నే తగ్గాయని తలకు దెబ్బ తగిలిన మనిషిని ఉద్యోగానికి పనికిరాడనడం ఎంత అన్యాయమో ఆలోచించాలి.

నిద్ర, అలసట, ఆందోళన వల్ల సామర్థ్యమే నిజంగా మారుతుంది కాబట్టి స్థిరత్వం లేనంత మాత్రాన పరీక్ష చెడ్డదని నేననను. అందుకే ఒకే విడతలో పరీక్ష భాగాల మధ్య కనిపించే పొందికను, వారాల తర్వాతి స్థిరత్వాన్ని విడివిడిగా నివేదించాలి. ప్రతి రిపోర్టులో స్కోరు పక్కనే దోష పరిధి ఉండాలి. శిక్షణ పొందని వారిలోనూ రెండోసారి స్కోరు ఎంత పెరిగిందో మీ విలేకరులు తప్పక అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు