వార్షిక నివేదిక 2024: నైరోబీ వీధి బాలల పరిచర్య

నైరోబీలోని మన తెలుగు సంఘ సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు.

మామూలు విషయాలు రెండు ముక్కల్లో ముగిస్తాను. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన, క్రిస్మస్ క్యారల్స్, ఆదివారం తెలుగు తరగతి ఎప్పటిలాగే జరిగాయి. తెలుగు తరగతికి వచ్చే పిల్లలు తగ్గారు, తల్లిదండ్రులు గమనించాలి. చందా బాకీలున్నవారికి కోశాధికారి గారు ఫోన్ చేస్తారు. లెక్కల పత్రం అందరికీ విడిగా అందింది.

మిగిలిన నివేదికంతా మనం తోడుగా నిలిచిన మిషనరీ కుటుంబం గురించే. ఈ ఏడాది మన మధ్య చర్చ జరిగినా, అలకలు వచ్చినా ఆ విషయంలోనే.

కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను. అయ్యగారు, అమ్మగారు, ఇద్దరు ఆడపిల్లలు. కోస్తా ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడి వీధి పిల్లల మధ్య పనిచేస్తున్నారు. పేర్లు రాయవద్దని వారే కోరారు. మంగళవారం, శుక్రవారం ఒక చర్చి ఆవరణలో పిల్లలకు గితేరి (మొక్కజొన్న గింజలు, బీన్స్ కలిపి ఉడికించింది) గానీ, ఉగాలీ (మొక్కజొన్న పిండి సంకటి), సుకుమా వికీ (ఆకుకూర వేపుడు) గానీ వండి పెడతారు. పుండ్లుంటే కడిగి కట్టు కడతారు. పిల్లలు అమ్మగారిని "మామా" అని పిలుస్తుంటే మొదటిసారి వెళ్ళిన మన పిల్లలు పగలబడి నవ్వారు. స్వాహిలీలో మామా అంటే అమ్మ అని చెప్పాక కూడా నవ్వు ఆపలేదు.

2018లో కెన్యా ప్రభుత్వం జరిపిన లెక్కింపులో దేశం మొత్తం మీద వీధుల్లో బతికేవారు 46,639 మంది అని తేలింది. అందులో 15,337 మంది నైరోబీలోనే ఉన్నారు. ఈ పిల్లలను ఊళ్ళో అందరూ "చొకోరా" అంటారు, చెత్త కెలికేవాడు అని అర్థం. మనలో కొందరం కూడా అలవాటుగా అదే మాట వాడుతున్నాం. అమ్మగారు ఒకసారి మెల్లగా, "ఆ మాట వాళ్ళ ముందు వద్దండీ" అన్నారు. వాళ్ళ వెనక కూడా వద్దని నా మనవి.

జులైలో దుప్పట్లు పంచాం. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది, జూన్, జులై రాత్రులు ఎముకలు కొరికే చలి. కొత్త దుప్పట్లు ఇవ్వవద్దని, పెద్ద కుర్రాళ్ళు లాక్కుని అమ్ముకుంటారని అయ్యగారు ముందే చెప్పారు. మనం వినలేదు. మూడో రోజుకి ఒక్క దుప్పటీ కనబడలేదు. అమ్మిన డబ్బుతో కొన్నది చెప్పులు అతికించే జిగురు. దాన్ని చిన్న ప్లాస్టిక్ సీసాలో పోసుకుని పీలుస్తుంటే ఆకలీ చలీ తెలియవట. ఆ తర్వాత నైరోబీలోనే పాతబట్టలమ్మే గికోంబా సంతలో పాతవి కొనిచ్చాం, అవి నిలిచాయి.

మనవాళ్ళు ఒక శుక్రవారం పులిహోర చేసి తీసుకెళ్ళారు. పచ్చిమిరపకాయలు కాస్త ఉదారంగా పడ్డాయి. పిల్లలు "పిలిపిలి, పిలిపిలి" (మిరపకాయ) అంటూ నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పరుగు తీశారు. వాళ్ళకు పండగ భోజనం అంటే చపాతీ, బీన్స్. వచ్చే ఏడాది అదే చేద్దాం.

ఇక అసలు విషయం. ఫిబ్రవరి సర్వసభ్య సమావేశంలో 60 మంది పిల్లలకు సరిపోయే హాస్టల్ కట్టిద్దామని ప్రతిపాదన వచ్చింది. శిలాఫలకం మీద దాతల పేర్లు ఎలా ఉండాలో కూడా మాట్లాడుకున్నాం. అయ్యగారు వద్దన్నారు. చాలామందికి కోపం వచ్చింది, నాకూ వచ్చింది. మనలో సగం మందిమి మిషన్ బోర్డింగుల్లో చదివినవాళ్ళం. గంట కొడితే లేచి, పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడి, ఈ స్థితికి వచ్చాం. బోర్డింగు వద్దంటే మన బతుకే తప్పన్నట్టు అనిపించింది.

ఆయన చెప్పింది ఇది. కెన్యా ప్రభుత్వం 2017లోనే కొత్త బాలల గృహాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో తెచ్చిన పదేళ్ళ ప్రణాళిక ప్రకారం ఉన్న గృహాల్లోని పిల్లల్ని కూడా కుటుంబాలకు చేర్చాలి. పైగా ఈ పిల్లల్లో చాలామందికి ఎవరో ఒకరు ఉన్నారు: అమ్మో, అమ్మమ్మో, పిన్నో. "బోర్డింగు నుంచి సెలవులకు మీరు ఇంటికి వెళ్ళారు కదా? వీళ్ళకి ఆ ఇల్లు వెతికిపెట్టాలి, అదే నా పని" అన్నారు. నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఆ పని ఎలా ఉంటుందో ఒక అబ్బాయి విషయంలో దగ్గరగా చూశాను. పన్నెండేళ్ళవాడు. తల్లి నైరోబీలోని మథారే మురికివాడలో ఉండేది, మనలో చాలామంది ఇళ్ళకు బట్టలుతకడానికి వచ్చే మామా ఫువాల పనే ఆమెదీ. ఏప్రిల్ వరదల్లో మథారే ఏరు పొంగి ఆమె రేకుల గది కొట్టుకుపోయింది. నదికి 30 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదని ప్రభుత్వం ఖాళీ చేయించడంతో మళ్ళీ వేసుకునే వీల్లేకపోయింది. బళ్ళు తెరవడం కూడా మే 13కి వెళ్ళింది. ఆ నెల నుంచి మంగళవారం భోజనానికి కొత్త ముఖాలు చాలా వచ్చాయి. జూన్ 25న మంగళవారమే, పార్లమెంటు దగ్గర గొడవల రోజు, భోజనం పెట్టలేదు. సిటీ సెంటర్లో ఉన్న పిల్లలు బాష్పవాయువుకు కళ్ళు వాచి శుక్రవారం వచ్చారు. వాళ్ళంతా కనబడే దాకా అమ్మగారికి ఒకటే టెన్షన్.

ఆగస్టులో అధికారుల అనుమతితో ఆ అబ్బాయిని నైరోబీకి ఉత్తరాన ఉన్న మురంగాలో అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. మటాటూలో (ఇక్కడి మినీబస్సు) నేనూ వెళ్ళాను. అమ్మమ్మను అక్కడ "శోశో" అంటారు. కొంచెం టీ తోట, ఒక మేక. మనవణ్ణి చూసి ఏడవలేదు, ముందు స్నానానికి నీళ్ళు పెట్టింది. కథ సుఖాంతం అనుకుని నేను వెనక్కి వచ్చాను. అక్టోబరులో వాడు మళ్ళీ గికోంబాలో కనబడ్డాడు. బడిలో ఫీజు లేదు గానీ యూనిఫాం లేదని పంపేశారట. తనకంటే నాలుగేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చోవడం సిగ్గు కూడా. అయ్యగారు తిట్టలేదు. నవంబరులో మళ్ళీ అదే మటాటూ ఎక్కించారు.

ఈ ఏడాది ఇలా ఇళ్ళకు చేరినవారు 9 మంది. వారిలో ముగ్గురు తిరిగి వచ్చేశారు. ఈ అంకెలకు శిలాఫలకం ఎవరూ వేయరు. అయినా హాస్టల్ ప్రతిపాదనను వెనక్కి తీసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది, ముగ్గురు సభ్యులు ఒప్పుకోలేదన్నదీ నమోదు చేస్తున్నాను. ఆ నిధి ఇకపై ప్రయాణ ఖర్చులకు, యూనిఫాంలకు, తల్లుల మొదటి నెల ఇంటి అద్దెకు వాడతాం.

జనవరి 6న బళ్ళు తెరుస్తారు. స్వెట్టర్లు, బూట్ల కొలతలు అమ్మగారి దగ్గర ఉన్నాయి. మురంగా అబ్బాయి బూటు సైజు ఆగస్టులో 4, ఇప్పుడు 5. కొనేవారు కొత్త కొలతే చూసుకోండి.

కార్యదర్శి
డిసెంబరు 2024, నైరోబీ