తాడు రెండో కొసన ఉన్న మనిషి పేరు కూడా రాయండి

సంపాదకులకు,

అయ్యా,

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం చేరినప్పటి నుంచి తెలుగు పత్రికలు పర్వతారోహణకు మునుపెన్నడూ లేనంత చోటిస్తున్నాయి. వారు తొలి పాఠాలు నేర్చిన భువనగిరి కోట గుట్టకు కూడా దానివల్ల పేరు వచ్చింది. ఇది సంతోషించదగిన విషయమే. అయితే ఈ వార్తలు రాసే తీరులో ఒక లోపం ఏళ్ల తరబడి అలాగే సాగుతున్నది. ‘తాడు పట్టుకుని పైకి ఎగబాకారు’ అని రాసి, ఎక్కినవారి పేరు, ఫొటో వేసి ముగిస్తారు. ఆ తాడుకు ఇంకో కొస ఉందనీ, అక్కడ మరో మనిషి కళ్లప్పగించి నిలబడి ఉన్నాడనీ చదివేవారికి తెలిసే వీలే ఉండదు.

బండలు ఎక్కే విద్యలో తాడు ఉన్నది ఎగబాకడానికి కాదు, పట్టు తప్పినప్పుడు ఆపడానికి. ఎక్కడమంతా చేతివేళ్ల మీద, కాలి మునివేళ్ల మీద జరుగుతుంది. ఇద్దరూ తాడుకు చెరొక కొసను నడుముకు బిగించిన పట్టీల బెల్టు, అంటే హార్నెస్‌కు ఎనిమిది అంకె ఆకారపు ముడితో కట్టుకుని, ఒకరి ముడిని ఒకరు చూసిన తరువాతే మొదలుపెడతారు. ముందు వెళ్లేవాడు లీడర్, వెనుక వచ్చేవాడు సెకండ్. లీడర్ ఎక్కుతూ బండ నెర్రెల్లో లోహపు పరికరాలు బిగించి, వాటికి కారాబైనర్లు (తెరిచి మూసే లోహపు కొక్కేలు) తగిలించి, వాటిలోంచి తాడు పోనిస్తాడు. కింద ఉన్న సెకండ్ ఆ తాడును బిలే (తాడుతో కాపు కాయడం) పరికరంలోంచి కావలసినంత మాత్రమే వదులుతుంటాడు. తాడును ఆపే అతడి బ్రేక్ చెయ్యి తాడు మీది నుంచి ఒక్క క్షణం కూడా లేవకూడదు. చివరి పరికరానికి మూడు మీటర్ల పైన లీడర్ జారితే ఆరు మీటర్లు పడతాడు. తాడు సాగే మేర, వదులుగా ఉన్న మేర దానికి అదనం. ఆ పడటాన్ని ఆపేది కిందనున్న ఆ చెయ్యి. కొంత ఎత్తుకు వెళ్లాక లీడర్ నిలబడడానికి వీలైన చోట ఆగి, బండకు గట్టి ఆధారం (యాంకర్) ఏర్పాటు చేసుకుని, తనను దానికి కట్టేసుకుని, ఇప్పుడు తాను పై నుంచి తాడు తీసుకుంటూ సెకండ్‌ను కాపాడతాడు. సెకండ్ వస్తూ వస్తూ ఆ పరికరాలన్నీ ఊడదీసి నడుముకు తగిలించుకుని వస్తాడు. ఆపై భాగానికి చాలాసార్లు అతడే ముందు నడుస్తాడు. గీత కార్మికుడి మోకు అతడిని తాటిచెట్టుకు కడుతుంది. ఈ తాడు మనిషిని మనిషికి కడుతుంది.

ఆల్ప్స్ పర్వతాల్లో ఈ విద్యను పెంచి పోషించిన ఫ్రెంచివారికి ఇలా ఒకే తాడుకు కట్టుకున్నవారందరికీ కలిపి ‘కోర్దే’ అనే మాట ఉంది. ముందు వెళ్లేవాడిని విడిగా లీడర్ అనరు, ‘ప్రమ్యే ద కోర్దే’ అంటారు, అంటే ఆ జట్టులో మొదటివాడని. వంతులవారీగా ముందు నడిచే జట్టు ‘కోర్దే రెవెర్సిబ్ల్’. 2017 అక్టోబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రోన్ టీవీ ఇంటర్వ్యూలో ప్రతిభతో పైకొచ్చినవారిని ఈ మొదటివాడితో పోల్చి, వారి మీద రాళ్లు వేస్తే జట్టంతా కూలిపోతుందని అన్నప్పుడు అక్కడ పెద్ద దుమారమే లేచింది. లీడర్ పడితే కాపాడేది వెనుకవాడే కదా అని చాలామంది ఎదురడిగారు. రాజకీయం మాట ఎలా ఉన్నా, తాడు సంగతిలో మాత్రం అడిగినవారి లెక్కే సరైనది.

ఒకే తాడుకు కట్టుకున్నంత మాత్రాన రక్షణ దొరకదని 1865 జులై 14న ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ మీద తేలిపోయింది. తొలిసారి ఆ శిఖరం ఎక్కి దిగుతున్న ఏడుగురిలో హాడో అనే యువకుడు జారి ముందున్న గైడ్ క్రోజ్ మీద పడ్డాడు. ఆ బరువుకు వెనుకనున్న హడ్సన్, డగ్లస్ కూడా లాగబడ్డారు. డగ్లస్‌కూ పెద్ద టౌగ్‌వాల్డర్‌కూ మధ్య ఉన్న తాడు వారి దగ్గరున్నవాటిలో బలహీనమైనది. అది తెగి నలుగురూ మరణించారు, మిగిలిన ముగ్గురూ బతికారు. ఇందుకు పూర్తిగా భిన్నమైనది 1953 ఆగస్టు 10న ప్రపంచంలో రెండో ఎత్తైన పర్వతం కే2 మీద జరిగిన ఘటన. సుమారు 7,500 మీటర్ల ఎత్తున, జబ్బుపడిన గిల్కీని అమెరికన్ బృందం కిందికి దించుతుండగా ఒకరు జారడంతో తాళ్లు ఒకదానితో ఒకటి చిక్కుపడి వరుసగా ఐదుగురు జారిపోయారు. ఒక బండ వెనుక మంచులో దిగేసిన మంచుగొడ్డలి, అంటే ఐస్ యాక్స్‌కు తాడు చుట్టి పట్టుకుని ఉన్న పీట్ షోనింగ్ ఒక్కడే గిల్కీతో సహా ఆరుగురి బరువునూ ఆపాడు. ఆ తరువాత కొద్దిసేపటికి గిల్కీని మాత్రం పర్వతం తీసుకుపోయింది. ఆ బృందం శిఖరం చేరలేదు. అయినా అమెరికన్ పర్వతారోహకులు ఆ పట్టును ఈనాటికీ ‘ది బిలే’ అనే పిలుస్తారు, ఇంకే విశేషణమూ తగిలించరు.

ఆ ఏడాదే ఎవరెస్టు కింది ఖుంబు మంచు పగుళ్ల మధ్య హిల్లరీ కాలికింది మంచు విరిగి పడిపోతే టెన్జింగ్ తాడు బిగించి ఆపాడు. ఆ ఇద్దరే కొన్ని వారాలకు శిఖరం మీద నిలబడ్డారు. దిగి వచ్చాక విలేకరులు పదేపదే అడిగింది ఒకే ప్రశ్న: ముందు అడుగుపెట్టింది ఎవరు? ఇద్దరూ దాదాపు ఒకేసారి చేరామని వారు సంతకాలు చేసి చెప్పవలసి వచ్చింది. హిల్లరీయే ముందు అడుగుపెట్టాడని టెన్జింగ్ తరువాత తన ఆత్మకథలో రాశాడు గానీ, ఆ ప్రశ్నకు పర్వతారోహకులు ఎన్నడూ పెద్ద విలువ ఇవ్వలేదు.

ఇక ఎక్కేటప్పుడు ఇద్దరూ ఒకరికొకరు వేసుకునే కేకల విషయం శిక్షణ శిబిరాల నిర్వాహకుల దృష్టికి కూడా రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. గాలి వీస్తున్నప్పుడు, ఒకరికొకరు కనబడనప్పుడు ఇద్దరి మధ్యా మిగిలేది అరిచే ఒకటి రెండు మాటలే. యాంకర్‌కు కట్టుకున్నాక బ్రిటిష్ లీడర్ ‘సేఫ్’ అంటాడు, ఇక బిలే తీసేయవచ్చని అర్థం; అమెరికన్ పద్ధతిలో ‘టేక్’ అంటే తాడు బిగించి నా బరువు పట్టుకో అని. అర్థాలు పూర్తిగా ఎదురెదురైనా, ముప్ఫై మీటర్ల పై నుంచి గాలిలో వినబడేటప్పటికి రెండింటిలోనూ మధ్యనున్న అచ్చు ఒక్కటే మిగులుతుంది. ‘టేక్ ఇన్ స్లాక్’ అని అరవకూడదని నేర్పేది కూడా ఇందుకే: చివరి మాట ‘స్లాక్’ (వదులు) ఒక్కటే చెవిన పడితే కిందివాడు తాడు ఇంకా వదులుతాడు. బిగించమనడానికి ఫ్రెంచివారి ‘సెక్’, వదలమనడానికి ‘దు మూ’, వదులును లాక్కోమనడానికి ‘అవాల్’ ఒకదానితో ఒకటి అంత తేలికగా కలవవు. మన శిబిరాల్లో ఒక శిక్షకుడు బ్రిటిష్ పద్ధతి, మరొకరు వీడియోల్లో చూసిన అమెరికన్ పద్ధతి నేర్పుతుంటే పిల్లలు రెండూ కలిపేస్తున్నారు. ‘వదులు’, ‘బిగించు’ అని తెలుగులోనే అరిచినా ఏ ఇబ్బందీ లేదు. కట్టుకునే ముందే ఇద్దరూ ఒక మాట అనుకోవాలి, చివర అవతలివారి పేరు చేర్చాలి, స్పష్టంగా వినబడకపోతే బిలే తీయకూడదు.

ఎవరెస్టు వంటి చోట్ల పరిస్థితి వేరని ఒప్పుకోవాలి. అక్కడి మామూలు దారుల్లో ముందే బిగించిన స్థిర తాళ్లకు జుమార్ (తాడు మీద పైకి మాత్రమే జరిగే పట్టు పరికరం) తగిలించుకుని ఎక్కుతారు కనుక ‘తాడు సాయంతో’ అనడం తప్పు కాదు. కానీ ఆ తాళ్లు వాటంతట అవి వేలాడవు. ప్రతి ఏటా సీజన్ మొదట్లో, నేపాల్ వైపు షెర్పాలు, టిబెట్ వైపు అక్కడి పర్వతారోహకులు అందరికంటే ముందు వెళ్లి వాటిని బిగిస్తారు. మన ఆరోహకుల విజయ వార్తల్లో వారి ప్రస్తావన నాకు చాలా అరుదుగా కనిపించింది.

కాబట్టి నా వినతి చిన్నది. ఇకపై ఇటువంటి వార్త రాసేటప్పుడు మీ విలేకరులు రెండు ప్రశ్నలు అదనంగా అడగాలి: బండ ఎక్కి ఉంటే బిలే ఎవరు ఇచ్చారు, హిమపర్వతం ఎక్కి ఉంటే తాళ్లు ఎవరు బిగించారు. జవాబుకు పట్టేది ఒక పంక్తి. ఆ పంక్తికి చోటు చాలదనుకుంటే జెండా పట్టుకున్న ఫొటోను ఒక అంగుళం తగ్గించినా సరిపోతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్