వెల్డింగ్ చేసిన డెక్‌లకి ఇక మా దగ్గర సర్వీసు లేదు

చీలిన డెక్‌కి, అంటే కాళ్లు పెట్టి నిలబడే పలకకి, బయట వెల్డింగ్ చేయించి తెచ్చే స్టంట్ స్కూటర్లని ఇకమీదట సర్వీసుకి తీసుకోం. మోటారు స్కూటర్లు కాదు, కాలితో తోస్తూ నడిపే వాటి గురించే చెబుతున్నా. కొత్త డెక్ అంటగట్టడానికే ఈ రూలు పెట్టారని కొందరు మొహం మీదే అనేశారు. డెక్ అమ్మితే మాకు నాలుగు డబ్బులు మిగులుతాయి, కాదనను. కానీ అసలు కారణం లోహంలో ఉంది.

ఈ డెక్‌లని ఎక్కువగా 6061 అల్యూమినియంతో చేస్తారు. దాన్ని బాగా వేడి చేసి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ తక్కువ వేడి మీద గంటల తరబడి ఉంచితేనే ఆ గట్టిదనం వస్తుంది. టీ6 అని రాసేది అందుకే. ఆ తర్వాత ఎవరైనా వెల్డింగ్ చేస్తే అతుకు చుట్టూ ఉన్న లోహం మెత్తబడిపోతుంది. చూడ్డానికి అతుకు దిట్టంగానే ఉంటుంది, దాని పక్కన చీలుతుంది. అది కూడా మెట్ల మీంచి దూకి దిగే క్షణంలో. హెడ్ ట్యూబ్ (డెక్ ముందు చివర నిలువుగా ఉండే గొట్టం) దగ్గర విరిగిందంటే బార్, అంటే హ్యాండిల్, చేతిలోనే ఉంటుంది, మనిషి మాత్రం ముందుకి వెళ్లి పడతాడు.

చీలిక మొదట్లో వెంట్రుకలా ఉంటుంది. హెడ్ ట్యూబ్ డెక్‌తో కలిసే చోట తడిగుడ్డతో తుడిచి, వెలుతురులో పెట్టి, గోరుతో మెల్లగా గీసి చూడండి. పెయింటు మీద గీత అయితే గోరు సాఫీగా జారిపోతుంది, చీలికైతే పట్టుకుంటుంది. అలాగే బార్‌లో అడ్డం కడ్డీ అతికే చోటు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కాళ్లు మొదలయ్యే చోటు కూడా చూడాలి. గోరు పట్టుకుందంటే ఆ రోజు నుంచే నడపడం ఆపేయండి.

ఇక కొనేటప్పటి సంగతి. చాలామంది చేత్తో ఎత్తి చూసి, తేలిగ్గా ఉంది కదా అని తీసేసుకుంటారు. పార్కులో ర్యాంపుల మీద గాల్లో తిప్పడానికి తేలికైనది మంచిదే. వీధిలో గట్లు, రెయిలింగులు, మెట్లు ఉంటాయి, అక్కడ కాస్త బరువున్నదే నిలబడుతుంది. డెక్ వెడల్పు 5.5 నుంచి 6 అంగుళాలు ఉంటే దిగినప్పుడు పాదం నిలుస్తుంది. రెయిలింగ్ మీద గ్రైండ్ చేసేవాళ్లకి, అంటే డెక్ అడుగుతో జారేవాళ్లకి, అడుగు చదునుగా, చివరలు పెట్టెలా ఉన్న డెక్ బాగుంటుంది. బార్ స్టీలుదైతే చాలు. టైటానియం మోజు ఖర్చుతో కూడిన పని, నేర్చుకునే దశలో దాని తేడా కూడా పెద్దగా తెలియదు. బార్‌ని ఫోర్క్‌తో బిగించే పద్ధతుల్లో వీధికి నేను ఎస్‌సీఎస్‌కే (బార్‌నీ ఫోర్క్‌నీ కలిపి పట్టే పెద్ద క్లాంప్ లోపలే బిగింపు బోల్టు ఉండే పద్ధతి) ఓటేస్తాను. బరువు కొంచెం పెరుగుతుంది గానీ పట్టు గట్టిది. అయితే దానికి కింది చివర నిలువు గాటు కోయని బార్ కావాలి, ఇది చూసుకోకుండా కొనకండి. మడతపెట్టే స్కూటర్‌తో మాత్రం స్టంట్లు వద్దే వద్దు.

‘పిల్లాడు ఎదుగుతాడు కదా, పెద్దదే ఇవ్వండి’ అనే అమ్మానాన్నలకి ఒక మాట. బార్ విషయంలో మీరు సగం కరెక్టే. పొడవైన బార్‌ని కోసి తగ్గించొచ్చు, పొట్టిదాన్ని పెంచలేం. డెక్ మీద నిలబడితే బార్ ఇంచుమించు నడుం దగ్గరికి రావాలి. డెక్ మాత్రం ఇప్పటి కాలికి సరిపోయేదే తీసుకోండి.

మాకు వచ్చే కంప్లయింట్లలో ఎక్కువ భాగం ‘ముందు భాగం గడగడలాడుతోంది’ అనేదే. దీనికి మా దాకా రానక్కర్లేదు. హెడ్‌సెట్ (హెడ్ ట్యూబ్‌లో బార్ తిరగడానికి ఉండే బేరింగుల సెట్) అతుకు మీద వేలు ఆనించి బార్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. వేలికి కదలిక తెలిస్తే ముందు క్లాంప్ (బార్‌ని చుట్టూ పట్టి ఉంచే పట్టీ) బోల్టులు వదులు చేయాలి. తర్వాత లోపలి కంప్రెషన్ బోల్టుని, ఆ కదలిక పోయి బార్ మాత్రం స్వేచ్ఛగా తిరిగేదాకా బిగించాలి. బార్ నిటారుగా సరిచూసుకుని, క్లాంప్ బోల్టుల్ని మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. క్లాంప్ బిగిసి ఉండగా లోపలి బోల్టుతో ఎంత కుస్తీ పట్టినా ఏమీ జరగదు, అలెన్ కీ అరిగిపోతుంది అంతే.

బేరింగ్ కిర్రుమంటే చేతికందిన స్ప్రే కొట్టేస్తారు. కాసేపు మెత్తగా తిరుగుతుంది, కానీ లోపలి గ్రీజు కొట్టుకుపోయి తొందరగా పాడవుతుంది. వానలో తడిస్తే తుడిచి ఆరబెట్టండి, పైపుతో మాత్రం కడగొద్దు. చక్రం మీద రబ్బరులాంటి పాలీయూరెథేన్ పొర మధ్య భాగం నుంచి విడిపోతున్నట్టు అంచున సందు కనిపిస్తే ఆ చక్రం మార్చేయాల్సిందే. గ్రిప్ చివర మూతలు ఊడిపోయినా ఎవరూ పట్టించుకోరు. బోలు గొట్టం అంచు కడుపులో గుచ్చుకుంటే ఎంత ప్రమాదమో ఊహించుకోండి.

డెక్ చీలితే స్కూటర్ మొత్తం పోయినట్టు కాదు. బార్, ఫోర్క్, చక్రాలు బాగుంటే కొత్త డెక్‌కి మార్చి పెడతాం, బిగింపు చార్జీ తీసుకోం. డెక్ మా దగ్గర కొనకపోయినా సరే. కొనే ముందు మీ చక్రాల కొలత చూసుకోండి: 110 మిల్లీమీటర్లకి చేసిన డెక్‌లో 120 చక్రం పట్టదు, 24 మిల్లీమీటర్ల మందానికి చేసిన దాంట్లో 30 పట్టదు. ఫోర్క్‌కీ అదే లెక్క. కొలతలు తెలియకపోతే స్కూటర్‌ని విప్పకుండా అలాగే తీసుకురండి.