పెరూ వ్యాసానికి సవరణ ఎప్పుడు వేస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పెరూ యాత్ర గురించి నిండు రెండు పేజీల వ్యాసం వచ్చి రెండు వారాలు దాటింది. మరుసటి ఆదివారం సవరణ వేస్తారేమోనని చూశాను. వేయలేదు. ఆ పై ఆదివారమూ చూశాను. ఆ చోట పట్టుచీరల ప్రకటన ఉంది. ఇక నేనే రాయక తప్పలేదు.

ముందు చిన్నవి చెప్పి పక్కన పెడతాను. ఒకే వ్యాసంలో, ఆండీస్ కొండల మీద ‘ఇంకా’ వంశపు రాజులు కట్టిన పాత నగరం పేరు మాచు పిచ్చు, మచ్చుపిచ్చు, మాచూ పిక్చు అని మూడు విధాలుగా అచ్చయింది. లామా ఫోటో కింద ‘ఆండీస్ కొండ గొర్రె’ అని వేశారు. లామాది ఒంటె కుటుంబం. ఆ మెడ చూసైనా అనుమానం రావాలి కదా! పత్రికాఫీసుల్లో ప్రూఫులు దిద్దేవారు ఉండేవారని మా తరం వాళ్లకు జ్ఞాపకం. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉందో, అసలు కుర్చీయే తీసేశారో మరి.

అచ్చుతప్పులతో ఎవరికీ ప్రాణాపాయం లేదు. సలహాలతో ఉంది. ‘లిమాలో దిగి అదే రోజు విమానంలో కుస్కో చేరుకోండి, మర్నాడు తెల్లవారుజామునే రంగుల కొండ ఎక్కేయండి’ అని రాశారు. లిమా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. కొండల మీది కుస్కో ఊరి ఎత్తు 3,400 మీటర్లు, అంటే మన తిరుమల కొండకు దాదాపు నాలుగు రెట్లు. ఆ రంగుల కొండ, వినికుంకా, 5,000 మీటర్లు దాటుతుంది. అంత ఎత్తుకు అలా ఒక్కసారిగా వెళితే తలనొప్పి, వాంతులు, ఆయాసం పట్టుకుంటాయి. దాన్ని అక్కడ సొరోచె అంటారు. ముదిరితే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి మనిషి పోవచ్చు. మా బృందంలో అరవై దాటిన ఒకాయన మాట వినకుండా తొలిరోజే కుస్కో వీధుల్లో మెట్లెక్కి, ఆ రాత్రంతా హోటల్లో ఆక్సిజన్ సిలిండర్ పక్కన గడిపారు. తెలిసినవాళ్లు కుస్కోలో దిగగానే ఉరుబాంబా లోయలోకి వెళ్లిపోతారు. ఒయాంతాయ్‌తాంబో వంటి ఊళ్లు ఆరువందల మీటర్లు కింద ఉంటాయి. ఒకటి రెండు రాత్రులు అక్కడ పడుకుని, ఒంటికి అలవాటయ్యాక పైకి వస్తారు. మీ పాఠకుల్లో సగం మంది మా వయసువారు. పిల్లలు టికెట్లు కొనిచ్చి పంపితే వెళ్లేవారు. వారికి మీరిచ్చిన సలహా అది.

ఇంతకంటే ఘనమైనది ఇంకొకటి ఉంది. ‘తిరిగి వచ్చేటప్పుడు బంధుమిత్రులకు కోకా టీ పొట్లాలు తెచ్చుకోండి, చవక’ అని! పెరూలో కోకా ఆకు టీ ప్రతి హోటల్లోనూ ఇస్తారు. అక్కడ అది చట్టబద్ధం, తరతరాల అలవాటు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కోకా ఆకును కూడా నిషేధించింది. శంషాబాద్‌లో కస్టమ్స్ వారు పెట్టె తెరిపిస్తే మీ ఆదివారం అనుబంధం చూపించి బయటపడమంటారా?

ఎల్లో ఫీవర్ టీకా గురించి ఒక్క అక్షరం లేదు. పెరూ నుంచి తిరిగి వచ్చేవారి దగ్గర ఆ ధ్రువపత్రం లేకపోతే మన ప్రభుత్వమే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. వేసే కేంద్రాలా, తక్కువే. మేము వెళ్లిన చోట పదిమంది పోగైతేనే సీసా తెరుస్తామన్నారు. పోగయ్యేసరికి గుమస్తా గారు భోజనానికి వెళ్లారు. అదొక పెద్ద కథ, ఇక్కడ వద్దు. ‘వీసా అక్కర్లేదు’ అన్న వాక్యమూ సగం నిజమే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, యూరప్‌లోని షెంగెన్ దేశాల వీసా గాని నివాస హక్కు గాని ఉన్న భారతీయులకే కొన్ని షరతుల మీద ఆ సడలింపు. మిగతావాళ్లు తీసుకోవలసిందే.

మాచు పిచ్చు టికెట్ల గురించి ‘ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతాయి’ అని తేల్చేశారు. 2024 జనవరిలో ఆ టికెట్ల అమ్మకాన్ని ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పారని స్థానికులు రోజుల తరబడి సమ్మె చేస్తే రైళ్లు ఆగిపోయి యాత్రికులు ఇరుక్కుపోయారు. ప్రపంచమంతా వార్త అయింది. మీ పత్రికలో కూడా వచ్చే ఉంటుంది. ఆ ఏడాది జూన్ నుంచి లోపల తిరగడానికి మూడు దారులు ఏర్పాటు చేసి వాటిని మళ్లీ పది మార్గాలుగా విడగొట్టారు. ఏ మార్గానికి టికెట్ కొంటే ఆ మార్గంలోనే నడవాలి. కేలండర్లలో కనిపించే ఆ ప్రసిద్ధ దృశ్యం మొదటి రెండు దారుల్లోనే కనబడుతుంది. మాకు టికెట్లు కొన్న ఏజెంటు మూడో దారి అంటగట్టాడు. అడిగితే ‘అన్నీ ఒకటే సార్’ అన్నాడు. మరుగుదొడ్లు గేటు బయటే ఉన్నాయి, లోపల లేవు. ఇదీ వయసు మళ్లినవారికి ముందే చెప్పవలసిన మాటే. మీ రచయిత మాత్రం ‘మాటలకందని అనుభూతి’ అని మూడుసార్లు రాశారు.

ఆ చోటును 1911లో అమెరికా ప్రొఫెసర్ హైరమ్ బింగమ్ ‘కనుగొన్నాడు’ అని కూడా రాశారు. ఆయన వెళ్లేసరికి అక్కడి మెట్ల పొలాల్లో రైతు కుటుంబాలు సాగు చేసుకుంటున్నాయి. కుస్కో ప్రాంతీయుడే అయిన అగుస్తిన్ లిసారాగా 1902లోనే అక్కడి గోడ మీద పేరు రాసి వెళ్లాడు. బింగమ్ పట్టుకెళ్లిన వస్తువులు యేల్ విశ్వవిద్యాలయంలోనే ఉండిపోతే, పెరూ ప్రభుత్వం కోర్టుకెక్కింది, జనం వీధుల్లోకి వచ్చారు. దాదాపు శతాబ్దం తర్వాత, 2011 నుంచి అవి తిరిగివచ్చాయి. ఇప్పుడు కుస్కోలో ఒక మ్యూజియంలో చూడవచ్చు. మేము చూశాం. మాది తెనాలి, అమరావతి మాకు పక్కనే. అక్కడి స్తూపం శిల్పాలు ఎన్నో నేటికీ లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి కోసం మన నాయకులు గాని, మీ సంపాదకీయాలు గాని ఎంత గొంతు చించుకున్నాయో నాకు గుర్తు రావడం లేదు.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని కాబట్టి తిండి పేరా చదివినప్పుడు ఇంకా మండింది. ‘అక్కడి వాళ్లు ఎలుకలు కాల్చుకు తింటారు, పచ్చళ్లు వెంట తీసుకెళ్లండి’! వారు తినేది కూయ్, అంటే గినీ పిగ్ అనే చిన్న పెంపుడు జంతువు. ఆండీస్‌లో వేల ఏళ్లుగా ఇళ్లలో పెంచుతున్నారు. కుస్కో కేథడ్రల్‌లో మార్కోస్ సపాతా గీసిన క్రీస్తు చివరి భోజనం చిత్రంలో పళ్లెంలో ఉన్నది అదే. తినమని ఎవరూ బలవంతం చేయరు. మేము శాకాహారులం, బాగానే తిన్నాం. ఉడికించిన దుంపల మీద పసుపుపచ్చ మిరప, జున్నుతో చేసిన చిక్కటి పులుసు పోస్తారు. మిగిలిన అన్నాన్ని చిక్కుడు గింజలతో కలిపి వేయించే తాకు తాకు ఉంది. లోపల నల్లటి గింజలుండే రొకోతో మిరపకాయ ఒకటి కొరికి చూస్తే మా గుంటూరు జిల్లా వాడినైన నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. అసలు మిరప ఏ ఖండం నుంచి మనకు వచ్చిందనుకుంటున్నారు? అమెరికా ఖండాల నుంచే. వేరుశనగ పుట్టిల్లయితే దక్షిణ అమెరికాయే. ఈ రెండూ లేకపోతే అనంతపురం రైతు, గుంటూరు యార్డు ఏమయ్యేవో రెండు పేజీల్లో ఒక్క వాక్యానికి చోటు దొరకలేదు. ఆండీస్‌లో నాలుగు వేలకు పైగా బంగాళాదుంప రకాలున్నాయి. అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం 1971 నుంచి లిమాలోనే ఉంది. కుస్కో దగ్గరి పిసాక్ ఊరి సంతలో ఊదా, నలుపు, గులాబీ దుంపలు రాశులు పోసి అమ్ముతున్న అమ్మను, ఇవి ఏ రకాలని గైడు ద్వారా అడిగితే, ఒక్కో దుంపా ఎత్తి చూపిస్తూ ఆండీస్ వాళ్ల భాష కెచువాలో పేర్లు చెప్పుకుంటూ పోయింది. మా శాఖలో సీనియర్ అధికారులు కొందరికి సొంత మండలంలో వేసే వరి రకాలు కాగితం చూడకుండా చెప్పడం రాదు. విదేశీ అధ్యయన యాత్రలకు మాత్రం వాళ్లే వెళతారు.

కోస్తా ఎడారి, ఆండీస్ కొండలు, అమెజాన్ అడవి అంటూ మూడు లోకాలు ఉన్న దేశమది. స్పానిష్ కాక 48 స్థానిక భాషలు. 19వ శతాబ్దంలో కూలీలుగా వచ్చిన చైనావాళ్ల వంట ఇప్పుడు లిమాలో వీధివీధినా దొరుకుతుంది. తితికాకా సరస్సులో తకీలె దీవికి వెళితే మగవాళ్లు నడుస్తూ కూడా ఊలు టోపీలు అల్లుతుంటారు. ఇదంతా వదిలేసి హోటల్ ఈతకొలను ఫోటోకు పావు పేజీ ఇచ్చారు.

నేను చూసినవాటిలో అన్నిటికంటే గొప్పది మీ వ్యాసంలో పేరుకైనా లేదు. అది కెస్వాచాకా. కుస్కోకు దక్షిణంగా అపురిమాక్ నది మీద గడ్డితో పేనిన వంతెన. పొడవు 28 మీటర్లు. నది అటూ ఇటూ ఉన్న నాలుగు పల్లెలవాళ్లు ప్రతి జూన్‌లో పాతది కోసి నదిలో వదిలేసి కొత్తది కడతారు. మాచు పిచ్చు కట్టిన ‘ఇంకా’ రాజుల కాలం నుంచీ ఇదే పద్ధతి. ఆడవాళ్లు గడ్డి తడిపి, దంచి, సన్నని తాళ్లు పేనుతారు. ఇంటికింత అని ప్రతి కుటుంబం తన వంతు తాడు తెస్తుంది. మగవాళ్లు వాటిని కలిపి మనిషి తొడంత లావు మోకులుగా మెలిపెట్టి, లోయకు అడ్డంగా లాగి రాళ్లకు బిగిస్తారు. మూడు రోజుల పని, నాలుగో రోజు పండుగ. మేము రెండో రోజు అక్కడున్నాం. రెండు ఒడ్ల నుంచి ఇద్దరు మనుషులు మోకుల మీద కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసుకుని, పక్కతాళ్లు అల్లుకుంటూ మధ్యకు వస్తున్నారు. కింద నది. ఒడ్డున ముసలాయన కేకలు వేసి తప్పులు దిద్దుతున్నాడు. కరోనా కాలంలో పని ఆగిపోవడంతో 2021 మార్చిలో ఆ వంతెన తెగి పడిపోయింది. జూన్‌కల్లా మళ్లీ కట్టేశారు.

మా ఇంటి దగ్గర కాలువ మీద కాంక్రీటు వంతెన ఒకటుంది. దాని పిట్టగోడ విరిగి ఎన్ని వేసవులు గడిచాయో! ఏటా కాలువ కట్టేసిన రోజుల్లో బాగు చేస్తామంటారు. కాలువకు నీళ్లు వదిలాక ఇప్పుడు కుదరదంటారు. అర్జీ ఇస్తే అది తమ పరిధి కాదని ఒక కార్యాలయం, తమదీ కాదని ఇంకో కార్యాలయం జవాబిచ్చాయి. ప్రస్తుతం అక్కడ ఒక ఎండు కొమ్మకు ఎర్రగుడ్డ కట్టి పెట్టారు. మీ విలేకరి ఒకసారి వచ్చి ఫోటో తీసుకుని వెళ్లారు, అది అచ్చు కాలేదు.

నా విన్నపం ఇంతే. కనీసం కోకా ఆకు, టీకా, ఎత్తు సంగతులకు అదే అనుబంధంలో, అదే పేజీలో సవరణ వేయండి. లోపలి పేజీల్లో వర్గీకృత ప్రకటనల కింద కాదు. వచ్చే నెల బొలీవియా మీద వ్యాసం వస్తుందని అడుగున ప్రకటించారు. లా పాజ్‌కు వెళ్లే విమానం దిగేది ఎల్ ఆల్టోలో, 4,000 మీటర్లకు పైన. అచ్చుకు పంపే ముందు ఆ సంగతి మీ రచయిత చెవిన వేయగలరు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
తెనాలి.